ఎద్దు చెవి నెత్తురు

నాకు నోరెక్కువని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది. చర్చిలో పాస్టరుగారూ ఆ మాటే అన్నారు, ఉద్యోగంలో చేరాక మా డాక్టరుగారూ అన్నారు. నేనెప్పుడూ కాదనలేదు. అలాంటిదాన్ని, తెరవాల్సిన చోట ఒకసారి నోరు మూసుకున్నాను. దానికి ఒక మనిషి పోయాడు. ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ రాయను. దర్శికి పైన ఆ పల్లెల్లో మావాళ్ళు ఇంకా ఉన్నారు, చదవడం వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఎనభైల నడుమ నేను ఒక పశువుల ల్యాబులో టెక్నీషియన్ని. పల్లెల్లోని పశువుల ఆస్పత్రుల నుంచి పేడా, పాలూ, రక్తమూ మా దగ్గరికి వచ్చేవి. సీసాల్లో కొన్ని, గాజుపలకల మీద కొన్ని. మా పేటలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. మా నాన్న బడిపంతులు. ఆయన తమ్ముడు, మా బాబాయి, తోలుపని చేసేవాడు. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఎక్కడ గొడ్డు చచ్చినా కబురు మా పేటకే వచ్చేది. మోసుకెళ్ళి తోలు తీయడం, మిగిలినదాన్ని వండుకోవడమో పూడ్చడమో, అదంతా మావాళ్ళ వంతు. ఒకే ఇంట్లో నాన్న పలక పట్టాడు, బాబాయి కత్తి పట్టాడు. నేను కాలేజీకి తొడుక్కుపోయిన చెప్పులు బాబాయి కుట్టినవే.

బాబాయికి ఈ పనిలో ఒక జోడీ ఉండేవాడు. నాకు అన్న వరస. మనిషి ఆరడుగులు, పచ్చితోలు మడత ఒక్కడే భుజాన వేసుకుని నడిచేవాడు. పాటలు బాగా పాడతాడని క్రిస్మస్‌కి ముందు అతన్ని పక్క ఊరి చర్చివాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. అతని భార్య, మా వదిన, మిరపకాయల కోతకు పోయేది. నేను సెలవులకు వెళితే, "ఏం అమ్మాయ్, సూదులు గుచ్చీ గుచ్చీ ఎన్ని గొడ్లను చంపావు ఈ నెల?" అని ఎగతాళి చేసేది.

ల్యాబులో చేరిన రెండేళ్ళకు నన్ను పై శిక్షణకని మూడు నెలలు హైదరాబాదు పంపారు. పశువుల రక్తపరీక్షలో పెద్ద తరగతులన్నమాట. పన్నెండుమంది మగవాళ్ళు, నేనొక్కదాన్ని. రక్తపు చుక్క పలక మీద పెట్టి, రెండో పలక అంచుతో ఒక్క ఊపున ముందుకు నెట్టాలి. పొర చివర నాలుక ఆకారం రావాలి. మందంగా వచ్చినా గీతలు పడినా కడిగేసి మళ్ళీ. మొదటి వారమంతా అదే పని. తర్వాత కణాల లెక్క. ఒక్కో పలక మీద నూరు తెల్లకణాలు చూసి, ఏ రకానివి ఎన్నో రాయాలి. మీట నొక్కితే లెక్కపెట్టే మిషన్లు అక్కడ ఉండేవి. మా ల్యాబులో ఆ వైభోగం లేదు కాబట్టి తిరిగొచ్చాక నేను అయిదు గిన్నెలు పెట్టుకుని చింతగింజలు వేస్తూ లెక్కపెట్టేదాన్ని.

అక్కడ మాకు పాఠం చెప్పిన పెద్దాయన ముక్కుపొడుం పీలుస్తూ ఒక్క విషయం మాత్రం రోజూ చెప్పేవారు, అన్నం పెట్టే ముందు ప్రార్థన చెప్పినట్టు. దొమ్మ రోగం సంగతి అది, ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. దొమ్మ వచ్చిన గొడ్డు నిలబడ్డది నిలబడ్డట్టే పడి చస్తుంది. దాన్ని కోయకూడదు. కోస్తే క్రిమి మట్టిలో చేరి ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంటుంది, కోసినవాడి ఒంట్లోకీ పోతుంది. అందుకే చెవి కొసన గీరి ఒక్క చుక్క మాత్రమే తీస్తారు. ఆ క్రిమి చిన్న కడ్డీలా ఉంటుంది. కాని చచ్చిన గొడ్డు కుళ్ళేటప్పుడు పుట్టే క్రిములు కూడా కడ్డీల్లాగే ఉంటాయి, మామూలు రంగు వేస్తే రెంటికీ తేడా తేల్చి చెప్పలేం. పాతబడ్డ నీలం రంగు వేస్తే దొమ్మ క్రిమి చుట్టూ ఉండే తొడుగు గులాబీగా తేలుతుంది. ఆ నీలాన్ని నెలల తరబడి కిటికీలో ఎండకు ఉంచి, ఊరగాయ జాడీ కలిపినట్టు కలుపుతూ ఉండాలి. "అనుమానం వస్తే నీలం వెయ్యి. అనుమానం రాకపోయినా వెయ్యి," అనేవారాయన. మేం నవ్వేవాళ్ళం.

తిరిగొచ్చాక నా నడకే మారిపోయింది, ఒప్పుకుంటాను. ల్యాబులో నాకంటే పదిహేనేళ్ళు సీనియరు ఒకాయన ఉండేవారు. ఆయన్ని కాదని నన్ను శిక్షణకు పంపారని ఆయనకు కడుపుమంట. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఆయన చేసిన పొరలు చూసి "ఇవేం పొరలండీ, పెసరట్లా?" అనేదాన్ని. ఆ చమత్కారానికి వడ్డీతో సహా అనుభవించాను. మరుసటి వేసవిలో ఒక గేదె రక్తంలో కడ్డీలు చూసి దొమ్మ అని అరిచాను. ఆ తొందరలో నీలం వేసి చూశాను గాని, గులాబీ ఉందో లేదో తేల్చుకునే ఓపిక లేకపోయింది. నాకు ఉన్నట్టే కనపడింది. ఊరంతా అల్లకల్లోలం అయింది. పాలు పారబోశారు, సంత ఆగిపోయింది, డాక్టరుగారు జీపులో సున్నం బస్తాలు వేసుకుని పరిగెత్తారు. వారం తర్వాత పై ల్యాబు నుంచి జవాబు వచ్చింది. దొమ్మా లేదు, దుమ్మూ లేదు, కుళ్ళు క్రిములే.

డాక్టరుగారు అందరి ముందూ అడిగారు. "ఏమ్మా, మూడు నెలలూ నీకు ఆ ఒక్క రోగమే నేర్పారా?"

అప్పటినుంచి మా సీనియరు నన్ను దొమ్మమ్మగారు అని పిలవడం మొదలుపెట్టారు. టీ తెచ్చే మనిషితో సహా అందరూ అదే పిలుపు. నాలాంటి నోరున్నదానికి అది ఎంత మంటో చెప్పలేను. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఇక అసలు సంగతి. ఆ ఏడు పత్తికి పురుగు విపరీతంగా పట్టింది. పొద్దున ఒక మందు, సాయంత్రం ఒక మందు కొట్టారు జనం. గాలి పీలిస్తే నాలుక చేదెక్కేది. గట్ల మీద గడ్డి మేసి గొడ్లు చచ్చేవి, దాంతో ఎక్కడ ఏ గొడ్డు పడిపోయినా "మందు తిని చచ్చింది" అనేయడం అలవాటైపోయింది. వెనక చేను వాడి మీద కేకలు, పంచాయతీలు.

ఆ వర్షాల తర్వాత ఒక సోమవారం పొద్దున, మా పేటకు రెండు మైళ్ళలో ఉన్న ఊళ్ళో ఒక ఆసామి ఎద్దు కొట్టంలోనే చచ్చి పడి ఉంది. పక్కచేనువాడు కొట్టిన మందే కారణమని ఆసామి పట్టు. రోగం కాదని ల్యాబు రాసిస్తే పంచాయతీ పెట్టొచ్చని ఆయన ఆశ. అక్కడి పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఎద్దు చెవి గీరి రెండు పలకల మీద రక్తం తీసి, జేబులో పెట్టుకుని తిరిగి, మంగళవారం బస్సులో పంపాడు. వెంట చీటీ. ఊరి పేరు, "మందు అనుమానం" అని రెండు మాటలు.

ఊరి పేరు చదివాను. ఆ ఊరి గొడ్డు ఎవరి చేతికి వెళుతుందో నాకు తెలుసు. తెలియదనుకుంటారేమో, అందుకే రాస్తున్నాను. తెలుసు.

ఒక పలకకు మామూలు రంగు వేసి చూశాను. కడ్డీలున్నాయి. చాలా ఉన్నాయి. కుళ్ళు క్రిముల కొసలు గుండ్రంగా ఉంటాయి, దొమ్మవి కోసిన వెదురు ముక్కల్లా ఉంటాయి. ఇక్కడ కొన్ని గుండ్రంగా కనిపించాయి, కొన్ని అలా లేవు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. నీలం సీసా కిటికీలోనే ఉంది, నాలుగడుగులు.

"ఏంటి దొమ్మమ్మగారూ, మళ్ళీ వచ్చిందా తల్లీ? జీపు చెప్పమంటారా?" అన్నారు సీనియరు, తలెత్తకుండానే. టీ మనిషి పకాలున నవ్వాడు.

"రాలేదు లెండి, నడుం పట్టేసింది," అన్నాను. కూర్చున్నాను.

అంతే జరిగింది. నాలుగడుగులు నడవలేదు. ఒకటిన్నర రోజు జేబులో నలిగిన పలక కదా, కుళ్ళు క్రిములే అయుంటాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. "చావు తర్వాత చేరిన క్రిములు. దొమ్మ లక్షణాలు లేవు," అని రాశాను. రాసి ఊరుకోలేదు. చచ్చిన ఎద్దు రక్తంలో కణాలు లెక్కపెట్టడం శుద్ధ దండగని తెలిసి కూడా, చింతగింజలు వేసి నూరు కణాలు లెక్కపెట్టి, ఆ అంకెలన్నీ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్చాను. చూసినవాళ్ళెవరైనా ఎంత శ్రద్ధగా చేసిందో అనుకోవాలని. రెండో పలకను అలాగే పెట్టెలో పెట్టేశాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. ముందు నుంచీ వెళ్దామనుకున్నదే, భయపడి వెళ్ళింది కాదు. చర్చి అయ్యాక బాబాయి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కుడి ముంజేతికి ఏదో ఆకుపసరు పట్టీ వేసి ఉంది.

"ఏంటి బాబాయ్ అది?"

"ఏదో పొక్కులే అమ్మా. నొప్పి కూడా లేదు. రెండ్రోజుల్లో అదే తగ్గిద్ది."

దొమ్మ పొక్కుకు నొప్పి ఉండదని హైదరాబాదులో పెద్దాయన చెప్పారు. పట్టీ విప్పాను. చుట్టూ వాపు, నీటి బుడగలు, మధ్యలో బొగ్గుముక్క అతికించినట్టు నల్లగా.

"ఎద్దు తోలు తీశావా ఈ వారం?"

"సోమవారం తీశాం. అదేం ఎద్దో గాని, నెత్తురు గడ్డ కట్టలేదమ్మా. తారులాగా నల్లగా కారతానే ఉంది. మా నాన్న చెప్పేవోడు, అట్టాంటి గొడ్డు కూర ముట్టకూడదని. మంచికే, ఎవుర్నీ ముట్టనీలా. పూడ్చేశాం. తోలు మటుకు వదలబుద్ధి కాలేదు."

రక్తం గడ్డకట్టలేదన్న సంగతి మా పేటలో అందరికీ తెలుసు. చీటీలో లేదు. మావాళ్ళని అడగాలన్న ఆలోచన ఆ కాంపౌండరుకు ఎందుకు వస్తుంది?

"అన్న ఎట్లా ఉన్నాడు?" అని అడిగాను.

బాబాయి తలదించుకున్నాడు. "వాడికి మెడ మీద లేచింది. నిన్నట్నించీ ఒళ్ళు కాలతంది."

పరిగెత్తాను. పచ్చితోలు భుజాన మోసిన చోటే, మెడ పక్కన లేచింది పొక్కు. వాపు గడ్డం నుంచి రొమ్ము దాకా దిగి ఉంది. దాని మీద ఎవరో వాత కూడా పెట్టారు, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఊపిరి తీస్తుంటే గురక. నన్ను చూసి నవ్వబోయాడు, మొహం కదల్లేదు. వదిన తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది.

"నువ్వొచ్చావు, ఇంక నాకు బయం లేదు," అంది.

ఆదివారం మధ్యాహ్నం బస్సు లేదు. ట్రాక్టరున్నది ఎద్దు చచ్చిన ఆసామికే. సైకిలు మీద పోయాను. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు.

"ఏమ్మాయ్, మా ఎద్దు మందు తిని చచ్చిందని గట్టిగా రాయించుకొచ్చావా?"

"మందు కాదండీ, దొమ్మ! మీ ఎద్దు తోలు తీసినవాళ్ళిద్దరూ చావుబతుకుల్లో ఉన్నారు. ట్రాక్టరు తియ్యండి ముందు!"

"దొమ్మ కాదని మీ ల్యాబువాళ్ళే రాశారంటగా? కాంపౌండరు చెప్పాడు మొన్న."

"తప్పు రాశారు," అన్నాను.

రాశాను అనలేదు, రాశారు అన్నాను. అంత హడావిడిలోనూ నాలుక ఆ మాటను ఎంత తెలివిగా మార్చుకుందో చూడండి. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, లోపలికి కేకేసి ట్రాక్టరు తీయించాడు. ఆ మాటకొస్తే మనిషి చెడ్డవాడు కాదు.

ట్రాక్టరు వెనక ట్రక్కులో పత్తి నింపే గోనె బోరేలు పరిచి అన్నను పడుకోబెట్టాం. తల వదిన ఒళ్ళో. పక్కన బాబాయి. పెద్దాసుపత్రి పదహారు మైళ్ళు, వానలకు దారంతా గుంటలు. గుంట పడ్డప్పుడల్లా అన్న గొంతులోంచి ఒక శబ్దం వచ్చేది. నేను ఆ శబ్దం కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, వస్తున్నంతసేపూ బతికున్నట్టే కదా అని. పెన్సిలిన్ సూది నాలుగు రోజుల ముందు పడితే సరిపోయే రోగం అది. ఆ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది. మంగళవారం సాయంత్రం నేను నీలం వేసి ఉంటే, బుధవారం పొద్దున జీపు పేటకు వచ్చేది. బుధవారానికి ఇద్దరికీ ఒట్టి పొక్కులే ఉండి ఉంటాయి.

పది మైళ్ళ దగ్గర శబ్దం ఆగింది. వదిన "ఏవయ్యో, ఏవయ్యో" అని రెండుసార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు. డ్రైవరుకు తెలియక ఇంకా అంతే వేగంగా పోనిస్తున్నాడు. నేనూ ఆపమనలేదు, బాబాయి ఉన్నాడుగా.

బాబాయి బతికాడు. పది రోజులు సూదులు వేశారు. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత గుంట మిగిలింది.

సోమవారం పొద్దున ల్యాబు తలుపు తీసింది నేనే. పెట్టెలోంచి రెండో పలక తీసి నీలం వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించగానే కనిపించాయి. నీలి కడ్డీలు, చుట్టూ గులాబీ. వెతకక్కర్లేదు, పలకంతా అవే. హైదరాబాదులో చూపించిన పలక కూడా అంత స్పష్టంగా లేదు. అంత అందంగా ఉంటుందా అనిపించింది ఒక్క క్షణం, థూ, ఏం బతుకు అనిపించింది ఆ వెంటనే.

డాక్టరుగారికి అంతా చెప్పేశాను. తిడతారని చూశాను, తిడితే బాగుండుననీ చూశాను. ఆయన నా పాత రిపోర్టు నకలు తెప్పించి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

"కాంపౌండరు దగ్గరున్న కాగితం సంగతి నేను చూసుకుంటా. చూడమ్మా, మన ల్యాబు దొమ్మ కనిపెట్టింది. మిగతా ఊళ్ళను కాపాడుకున్నాం. అంతే రాయి."

అంతే రాశాను. టీకాలు వేసే బృందాలు వెళ్ళాయి. వ్యాపారి దగ్గర తోలు పట్టుకుని కాల్చారు, ఎద్దును పూడ్చిన చోట సున్నం పోశారు. ఇంకో గొడ్డు గాని మనిషి గాని పోలేదు, అది నిజమే. పైనుంచి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత కాంపౌండర్లకు రక్తపరీక్ష నేర్పే శిక్షణలన్నిటికీ నన్నే పంపేవాళ్ళు. ఆ ఎద్దు కథ వాళ్ళకు చెప్పేదాన్ని. తోలు తీసినవాళ్ళని కూడా అడగండయ్యా, మీకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు అని గట్టిగా చెప్పేదాన్ని. పలకలు ఎప్పుడు వచ్చాయో మాత్రం చెప్పేదాన్ని కాదు.

బాబాయి ఇంటికొచ్చిన వారం చర్చిలో కృతజ్ఞత కూటం పెట్టారు. బాబాయి లేచి సాక్ష్యం చెప్పాడు. "మా అన్న కూతురు చెయ్యి చూసి చెప్పింది. ఆ బిడ్డే రాకపోతే ఈపాటికి నా మీద మట్టి పడేది," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరుగారు నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. పాటల దగ్గర గొంతులు తేలిపోయాయి, పాడే మనిషి లేడు.

బయటికొచ్చాక వదిన నన్ను గోడ పక్కకు పిలిచింది. మెడలో ఏమీ లేదు. మనిషి సగమైంది.

"అమ్మాయ్, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోమాక. మొదట్లో దొమ్మ కాదని ఏదో కాయితం వచ్చిందంట గదా. ఆసామి అంటన్నాడు. నాకు చదువు లేదు, నాకేం తెలుసు. ఆ నెత్తురు నీకాడికి ముందే వచ్చిందా?"

ఇదిగో, ఇప్పుడు చెప్పొచ్చు. ఈ మనిషికి చెప్పి తీరాలి. నోరు తెరిచాను కూడా.

"అది మందు సంగతి రాసిన కాయితం వదినా. నెత్తురు నాదాకా వచ్చింది ఆయన పోయాకే."

ఆమె నా కళ్ళలోకి చూసింది. తర్వాత తల ఊపింది. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ నిలబడినట్టు గోడకు చేరగిలబడింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఊరుకో, ఏడవమాక. నీదాకా రాందానికి నువ్వేం చేత్తావు తల్లీ," అని తన కొంగుతో నా మొహం తుడిచింది.

నేను తుడిపించుకున్నాను.